ప్రేమ నవలలకూ పుస్తకాల పేజీలో చోటివ్వండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

మీ పత్రికలో ఆదివారం వచ్చే పుస్తకాల పేజీని ఏళ్ల తరబడి వదలకుండా చదువుతున్నాను. డిటెక్టివ్ నవలల మీద రాస్తారు, సైన్స్ ఫిక్షన్ మీద రాస్తారు, దెయ్యాల కథల సంకలనానికి కూడా ఒకసారి అరపేజీ సమీక్ష వేశారు. ప్రేమ నవల మీద మాత్రం ఇంతవరకూ ఒక్కటీ చూడలేదు. ఈమధ్య ఒక వ్యాసంలో ఆ ఊసు వచ్చినా, "కాలక్షేపం సరుకు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. రాసినవారు అలాంటి నవల ఒక్కటైనా చివరిదాకా చదివారా అన్న అనుమానంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒకప్పుడు నేనూ చదవకుండానే అలా మాట్లాడాను. హాస్టల్లో నా రూమ్మేట్ ఆ పుస్తకాలకు పాత పేపరు అట్ట వేసుకుని చదువుకుంటుంటే అందరం ఏడిపించేవాళ్లం, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగం టెన్షన్‌తో నిద్ర పట్టని రోజుల్లో, తనే ఇచ్చిన ఒక నవల మొదలుపెట్టి తెల్లవారుజామున మూడింటికి ముగించాను. భర్త పోయి ఆరేళ్లయిన ఒకావిడ మళ్లీ ఇంకొకరిని నమ్మడానికి ఎంత భయపడుతుందో, ఆ భయం బయటికి కోపంలా ఎలా వస్తుందో రచయిత్రి ఒక్కో పొరా విప్పుతూ రాసింది. చదువుతున్నంతసేపూ మా మేనత్తే కళ్లముందు మెదిలింది. ఆవిడ ఎందుకంత ముభావంగా ఉండేదో నాకు అప్పుడే అర్థమైంది.

ముగింపు ముందే తెలిసిపోతుంది కదా అంటారు. తెలుస్తుంది, నిజమే. అమెరికాలో 1980లో ఏర్పడిన రొమాన్స్ రచయితల సంఘం ఇచ్చిన నిర్వచనంలోనే ఆ సంగతి ఉంది: కథకు ప్రేమ కేంద్రంగా ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చి ఆశ కలిగించాలి. డిటెక్టివ్ నవలలో హంతకుడు దొరుకుతాడని మనకు ముందే తెలియదా? నలుడూ దమయంతీ చివరికి కలుస్తారని తెలిసే కదా ఆ కథ మళ్లీ మళ్లీ విన్నాం. అసలు ముగింపు తెలిసిన పాఠకుణ్ణి మూడు వందల పేజీలు కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. హత్యలుండవు, బాంబులుండవు, ఇద్దరు మనుషులూ వాళ్ల మధ్య ఒక అడ్డంకీ అంతే. ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే అడ్డంకి అయితే కథ తేలిపోతుంది. వాళ్ల స్వభావాల్లోంచే పుట్టినదైతే ఇద్దరూ మారితే తప్ప తొలగదు, ఆ మార్పును మనం నమ్మేలా రాయాలి. ఆ పని చేతకాని నవలలు బోలెడున్నాయి, కాదనను. చేతనైనవీ ఉన్నాయి, వాటి సంగతే ఎవరూ రాయడం లేదు.

ఇది సాహిత్యమే కాదనేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టిన్ 1813లో తెచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' పెళ్లిళ్లతోనే ముగుస్తుంది. అంతకు రెండేళ్ల ముందు అచ్చయిన ఆమె మొదటి నవల మీద పేరు కూడా లేదు, 'ఒక మహిళ' రాసిందని మాత్రమే వేశారు. ఇప్పుడు ఆ పుస్తకాలను యూనివర్సిటీల్లో పాఠాలుగా చెబుతున్నారు. మన ఆలంకారికులైతే శృంగారాన్ని రసరాజమనే అన్నారు.

పాతవాటిలో, ముఖ్యంగా 1970లలో ఇంగ్లీషులో వచ్చిన చారిత్రక ప్రేమ నవలల్లో, బలవంతాన్ని ప్రేమగా చూపించినవి ఉన్నాయి. వాటిని నేను సమర్థించను. అయితే ఆ ధోరణిని నిలదీసినవాళ్లలో ఈ నవలలు చదివేవాళ్లూ రాసేవాళ్లూ కూడా ఉన్నారు, ఇప్పుడు వస్తున్న చాలా నవలల్లో ఎదుటి మనిషి ఇష్టాన్ని అడిగి తెలుసుకోవడం కథలోనే కలిసిపోయింది.

జానిస్ రాడ్‌వే అనే అమెరికన్ పరిశోధకురాలు ఈ నవలలు విడవకుండా చదివే ఆడవాళ్లతో మాట్లాడి 1984లో ఒక పుస్తకం తెచ్చారు. ఈ నవలల మీద ఆవిడకు అభ్యంతరాలు లేకపోలేదు. అయినా ఆ ఆడవాళ్లు చెప్పింది దాచకుండా రాశారు: రోజంతా ఇంట్లో అందరి అవసరాలూ చూసే తమకు, పుస్తకం పట్టుకున్న కాసేపే పూర్తిగా సొంత సమయమని. పిచ్చి పుస్తకాలని వెక్కిరించేవాళ్లు ఈ మాట ఒక్కసారి వినాలి.

ఇంకా నమ్మకం కుదరనివాళ్లకు, ముఖ్యంగా ఇవి ఆడవాళ్ల పుస్తకాలని పక్కన పెట్టే మగవాళ్లకు చెప్పేది ఇదీ. అట్ట మీద బొమ్మ చూసి ఎంచుకోకండి, మీకు ఇప్పటికే ఏవి ఇష్టమో అటునుంచి రండి. చరిత్ర ఇష్టమైతే 1811 నుంచి 1820 దాకా నడిచిన ఇంగ్లండ్ రీజెన్సీ కాలం (జబ్బుపడ్డ రాజు బదులు యువరాజు పాలించిన రోజులు) మీద కావలసినన్ని ఉన్నాయి, ఉత్కంఠ కావాలంటే రొమాంటిక్ సస్పెన్స్ అని ఒక శాఖే ఉంది, విడిపోయి నడివయసులో మళ్లీ ఎదురుపడేవాళ్ల కథలైతే నాకు ప్రాణం. యాభై పేజీలు చదవండి, నచ్చకపోతే ఇంకొకటి తీయండి. మీకు తెలిసినవాళ్లలో ఇవి చదివేవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు, మొహమాటపడకుండా వాళ్లనే అడగండి.

ఇక మీకు నా విన్నపం. నెలకొక ప్రేమ నవలను సమీక్షకు తీసుకోండి, ఇవి చదివే అలవాటున్నవాళ్ల చేతే రాయించండి. బాగా లేకపోతే బాగా లేదనే రాయండి, ఎక్కడ సాగదీశారో, సంభాషణలు ఎక్కడ కృతకంగా ఉన్నాయో చెప్పండి. రాసేవాళ్లు దొరకడం కష్టమనుకుంటే నా రూమ్మేట్ ఉంది. ఇప్పటికీ వారానికి రెండు చదువుతుంది, పేపరు అట్ట వేయడం మాత్రం ఎప్పుడో మానేసింది.

ఇట్లు,
మీ పాఠకురాలు