కొల్లేరు హద్దు జనానికి కనబడాలి

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వచ్చిందంటే సెలవు రోజుల్లో ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర కార్లు బారులు తీరుతాయి. మేమూ పిల్లల్ని, మా అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్లాం. బోటు చెట్ల పక్కగా మెల్లగా పోతుంటే కొమ్మల మీదా, ఇనుప స్టాండ్ల మీదా కిక్కిరిసిన గూడబాతులు. ఓ పిల్లపక్షి తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి చేప కోసం పెనుగులాడుతుంటే మా పిల్లలు అలికిడి లేకుండా చూశారు. ఆ పక్షులను కాపాడుకొస్తున్న అటవీ సిబ్బందిని మెచ్చుకోకుండా ఉండలేను.

ఒడ్డుకు చేరాక మా చిన్నవాడు "కొల్లేరంటే ఇంతేనా నానమ్మా?" అని అడిగాడు. మా అత్తయ్య లంక గ్రామంలో పుట్టిన మనిషి. ఆవిడ చిన్నతనంలో పెళ్లికైనా పురిటికైనా దోనె ఎక్కాల్సిందే. "ఇది గట్టు కట్టిన చెరువురా, కొల్లేరు దీనికి ఎన్నో రెట్లు" అంది. మరి ఎక్కడుందో చూపించమంటాడు వాడు. తిరుగుదారి పొడవునా రోడ్డుకు రెండువైపులా చేపల చెరువులే, వాటిలో నీళ్లకు గాలి అందించడానికి తిరిగే ఏరియేటర్లే. ఏది సరస్సో, ఏది చెరువో చెప్పే రాయి గానీ బోర్డు గానీ మా కంట పడలేదు.

ఈ లేఖ రాస్తున్నది అందుకే. ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో, చేరింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు పేల్చేశారు. తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. 2008లోనైతే అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభే తీర్మానించింది. అభయారణ్యం హద్దులో జిరాయితీ (సొంత పట్టా) భూములున్న చిన్న రైతుల బాధ నిజమైనదే, వాళ్లకు న్యాయమైన పరిహారం ఇచ్చి తీరాలి. దాని పేరు చెప్పి సరస్సునే కుదిస్తామంటే మాత్రం ఒప్పుకోకూడదు.

ఎందుకంటే కొల్లేరు పక్షులకు మాత్రమే సంబంధించింది కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్ల నీళ్లు అక్కడికే వస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచింది. ఆ నీళ్లు కొల్లేరు చేరేసరికి లంక గ్రామాలకు రాకపోకలు ఆగిపోయాయి. వరదకు చోటివ్వాల్సిన నేలలో అడ్డంగా గట్లుంటే నీళ్లు ఊళ్ల మీదికే కదా ఎక్కేది! కొల్లేరు నీళ్లు ఉప్పుటేరు వైపు పోయే పెదఎడ్లగాడి వంతెన ఖానాలకు గుర్రపుడెక్క, కిక్కిస లాంటి కలుపు అడ్డుపడ్డాక పొక్లెయిన్లు తెస్తే ఏం లాభం? ఆ పని వేసవిలోనే ముగించాలి. వేసవిలో మరో కష్టం ఉంది. సరస్సులో నీళ్లు తగ్గితే ఉప్పుటేరు మీదుగా ఉప్పునీరు ఎగదన్నుతుంది. కొరమీను, మార్పు లాంటి మంచినీటి నల్లజాతి చేపల మీద బతికే కుటుంబాలకు అది పొట్టమీద దెబ్బ. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కడతామన్న మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం.

కొల్లేరులో పర్యాటకం పెంచుతామంటున్నారు, సంతోషం. రిసార్టుల కన్నా ముందు ఐదో కాంటూరు వెంట, కనీసం అది రోడ్లను దాటేచోటైనా, అందరికీ కనబడేలా హద్దు రాళ్లు వేయించండి. ఆటపాకలో టికెట్ ఇచ్చే చోట సరస్సు పటం పెద్దదిగా పెట్టండి. చెరువు గట్లు లేని సరస్సు నీళ్లు మిగిలిన చోట బోట్లు నడిపే అవకాశం లంక గ్రామాల మత్స్యకారులకే ఇవ్వండి. వాళ్లకు శిక్షణ, బోట్లకు తనిఖీ, పసిపిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లతో సహా అన్నీ సమకూర్చి, ఆ రాబడి వాళ్ల సొసైటీలకే చేరేలా చూడండి.

– ఒక పాఠకురాలు, ఏలూరు