ముందే డబ్బు తీసుకునేవాడికి నగదు కటకట ఎందుకు?

డెన్వర్

బాబాయికి నమస్కారాలు.

పోయిన ఉత్తరంలో మీరు వేసిన ప్రశ్న బ్యాంకులో పనిచేసినవాళ్లు వేయాల్సిన ప్రశ్నే. నెలల ముందే టికెట్ డబ్బు చేతికి వచ్చే విమాన సంస్థ దివాలా కోర్టు మెట్లు ఎందుకు ఎక్కుతుంది అన్నారు. నా ఉద్యోగమే దాని చుట్టూ తిరుగుతుంది కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

ప్రయాణికుడు కార్డుతో చెల్లించిన సొమ్ము నేరుగా విమాన సంస్థ ఖాతాలో పడదు. మధ్యలో కార్డు ప్రాసెసర్, అంటే కార్డు చెల్లింపులు వసూలు చేసి విమాన సంస్థకు అందించే కంపెనీ ఉంటుంది. విమానం ఎగరకపోతే ప్రయాణికుడు తన బ్యాంకుకు ఫిర్యాదు చేసి సొమ్ము వెనక్కి తీసుకుంటాడు. దాన్ని ఛార్జ్‌బ్యాక్ అంటారు. ఆ బ్యాంకు ప్రాసెసర్ దగ్గర వసూలు చేసుకుంటుంది, ప్రాసెసర్ విమాన సంస్థ దగ్గర. మరి విమాన సంస్థే మూతపడితే? ఆ బరువంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. అమ్మకం మీద దానికి ముట్టేది చిన్న కమిషన్, మోసేది మాత్రం మొత్తానికి హామీ. ఇలాంటి హామీ సంతకం మీరైతే పెట్టేవారా?

అందుకే ప్రాసెసర్ వైపు పనిచేసే మా విభాగంలో విమాన సంస్థ ఫైలు తెరిస్తే ముందుగా చూసేది లాభనష్టాలు కాదు. అమ్మిన టికెట్లలో ఇంకా ప్రయాణం జరగనివాటి విలువ ఎంత, దానికి ఎదురుగా సంస్థ స్వేచ్ఛగా వాడుకోగల నగదు ఎంత? ఈ రెండు అంకెలే చూస్తాం. వేసవి ప్రయాణాల టికెట్లు వసంతంలోనే విపరీతంగా అమ్ముడవుతాయి, మొదటి అంకె ఉబ్బిపోతుంది. పద్దుల్లో అది ఆదాయం కాదు, ప్రయాణికులకు ఉన్న బాకీ. కానీ ఆ డబ్బు ఇంధనానికీ జీతాలకూ విమానాల అద్దెలకూ అప్పటికే కరిగిపోతూ ఉంటుంది. రేపటి ప్రయాణికుడి డబ్బుతో ఇవాళ్టి విమానం ఎగురుతుందన్నమాట.

నగదు ఫలానా మట్టం కన్నా తగ్గితే అమ్మకాల సొమ్ములో కొంత రిజర్వుగా పట్టి ఉంచుకోవచ్చని ఒప్పందాల్లో ఉంటుంది. పరిస్థితి మరీ విషమిస్తే నూటికి నూరు శాతం కూడా ఆపవచ్చు. ప్రయాణం పూర్తయ్యాకే ఆ సొమ్ము విడుదలవుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. నగదు తగ్గిందని సొమ్ము ఆపుతారు, సొమ్ము ఆపారు కనుక నగదు ఇంకా తగ్గుతుంది. మూలిగే నక్క మీద తాటికాయే.

మా ఊరి విమాన సంస్థ ఫ్రాంటియర్‌కు 2008లో జరిగింది ఇదే. ఇంధనం ధర మండిపోతున్న రోజులవి. అలోహా, ఏటీఏ, స్కైబస్ అనే విమాన సంస్థలు వారం తిరగకుండానే ఒకదాని వెనుక ఒకటి ఆగిపోయాయి. దాంతో ఫ్రాంటియర్ టికెట్ల సొమ్ములో పెద్ద భాగం పట్టి ఉంచుతామని ఫస్ట్ డేటా అనే ప్రాసెసర్ చెప్పింది. చేతిలో డబ్బు అడుగంటేదాకా ఆగకుండా ఫ్రాంటియర్ ఏప్రిల్ 10న చాప్టర్ 11 కింద, అంటే వ్యాపారం నడుపుకుంటూనే అప్పులు సర్దుకోనిచ్చే అమెరికా చట్టం కింద దివాలా రక్షణ కోరింది. కోర్టు నీడలోకి వెళ్లాక ఆ కోత ఆగింది, విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. సమయం చూసి వేసిన ఎత్తు అని నాకు అనిపిస్తుంది.

స్పిరిట్ అనే మరో అమెరికా విమాన సంస్థ సంగతి కూడా చెప్పాలి. 2025 మార్చిలో ఒక దివాలా నుంచి బయటపడింది. ఆగస్టుకల్లా దాని కార్డు ప్రాసెసర్ అదనపు పూచీ అడిగింది. అదే నెల 29న మళ్లీ కోర్టుకెక్కింది. నష్టాలు ముందునుంచే ఉన్నాయి, నిజమే. కానీ అలాంటి సంస్థకు రోజువారీ ఊపిరి టికెట్ల డబ్బే.

తప్పు ఎవరిదని అడుగుతారని తెలుసు. ప్రాసెసర్‌ను పూర్తిగా తప్పుపట్టలేను, నేను ఆ పక్కన కూర్చున్నవాణ్ణి కూడాను. కుదురుగా ఉన్న రోజుల్లోనే కొద్దికొద్దిగా రిజర్వు పక్కన పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. కానీ అలాంటి రోజుల్లో ఏ విమాన సంస్థా దానికి ఒప్పుకోదు. ప్రాసెసర్లు కూడా వ్యాపారం చేజారుతుందని గట్టిగా అడగవు. గాలి తిరిగాక మాత్రం ఇరువైపులా వకీళ్లే మాట్లాడతారు.

మీ ఇద్దరి టికెట్లు మాత్రం నేనే తీస్తాను, అదీ క్రెడిట్ కార్డు మీదే. ప్రయాణం తేదీలు తేల్చి రాయండి. పిన్నికి నమస్కారాలు.

మీ అబ్బాయి