పెడల్ స్టీల్ కొనేముందు ఐదో తీగ మీటి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో పెడల్ స్టీల్ గిటార్ గురించి వేసిన పరిచయ వ్యాసం చదివాను. ఈ వాద్యం మీద తెలుగులో ఏదైనా కనబడటమే అరుదు, అందుకే సంతోషంగా రెండుసార్లు చదివాను. అయితే చివర్లో కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక సలహా ఇచ్చారు. పెడళ్లు, లివర్లు ఎంత ఎక్కువుంటే అంత మంచిదని, ఏది ఏ వైపున్నా కొన్నాళ్లకు అదే అలవాటవుతుందని. ఆ మాట మాత్రం సరి కాదు. అచ్చం అలాంటి మాటే ఒకరు చెబితే నమ్మి నేను ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

అసలు పెడళ్లు ఎందుకో ముందు చెప్పాలి. ఈ గిటార్ కాళ్ల మీద బల్లలా నిలబడుతుంది, మనం దాని ముందు కుర్చీలో కూర్చుంటాం, ఎడమ చేతిలో బరువైన స్టీలు బార్ ఉంటుంది. బార్ తిన్నగా ఉంటుంది కాబట్టి దాన్ని ఎక్కడికి జరిపినా కింద ఉన్న తీగలన్నీ ఒకే లెక్కన పెరుగుతాయి. మామూలు గిటార్ మీద వేళ్లతో ఒక్కో తీగను ఒక్కో చోట నొక్కినట్టు ఇక్కడ కుదరదు. ఆ వేళ్ల పనంతా కాళ్లు చేస్తాయి. ఎడమ పాదం కింద పెడళ్లు, రెండు మోకాళ్లకు అటూ ఇటూ లివర్లు, కుడి పాదం కింద వాల్యూమ్ పెడల్.

ఎక్కువమంది మొదలుపెట్టే ఇ నైన్త్ ట్యూనింగ్‌లో పది తీగలు. వాటిలో ముఖ్యమైన మూడు స్వరాలు ఇ, జి షార్ప్, బి. మన లెక్కలో ఇ ని షడ్జమం అనుకోండి, అప్పుడు జి షార్ప్ గాంధారం, బి పంచమం, స, గ, ప అన్నమాట. 'ఎ' పెడల్ తొక్కితే 5, 10 తీగల మీది పంచమం ఒక పూర్తి స్వరం లేచి ధైవతం అవుతుంది. 'బి' పెడల్ తొక్కితే 3, 6 తీగల మీది గాంధారం అరస్వరం లేచి మధ్యమం అవుతుంది. రెండూ కలిపి తొక్కితే స, మ, ధ, అంటే బార్ కదపకుండానే మధ్యమం మీద మేజర్ కార్డ్ వచ్చేసింది. 'ఎ' ఒక్కటే తొక్కితే మైనర్. 'సి' పెడల్ నాలుగో తీగను ఇ నుంచి ఎఫ్ షార్ప్‌కి, ఐదో తీగను బి నుంచి సి షార్ప్‌కి లేపుతుంది. వీటికి తోడు మోకాలి లివర్లలో రెండు ప్రాణం లాంటివి. ఒకటి 4, 8 తీగల ఇ ని ఎఫ్‌కి లేపుతుంది, దాన్నే ఎఫ్ లివర్ అంటారు. రెండోది అవే తీగలను డి షార్ప్‌కి దించుతుంది.

వీటితో వచ్చే లాభం ఏంటంటే, ఒకే జి కార్డ్ మూడు చోట్ల దొరుకుతుంది. 3వ ఫ్రెట్ (తీగల కింద అడ్డంగా ఉండే గీతల్లో మూడోది) దగ్గర ఏమీ తొక్కకుండా, 6వ ఫ్రెట్ దగ్గర 'ఎ' పెడల్, ఎఫ్ లివర్ కలిపి, 10వ ఫ్రెట్ దగ్గర 'ఎ', 'బి' కలిపి. ఈ మూడు మెట్ల మధ్య తిరగడం వస్తే సగం వాద్యం చేతికొచ్చినట్టే.

ఇప్పుడు అసలు గొడవ. ఈ మూడు పెడళ్లను ఏ వరసలో పెట్టాలి? 1954లో వచ్చిన అమెరికన్ కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ హిట్ పాట ఒకదానిలో స్టీల్ గిటార్ వాయించిన బడ్ ఐజాక్స్ తీగ మోగుతూ ఉండగానే పెడల్ తొక్కి స్వరాన్ని లాగాడు, ఆ శబ్దానికి అందరూ పడిపోయారు. ఆయన ఒక్క పెడల్‌తో చేసిన పనిని తర్వాత బడ్డీ ఎమన్స్ లాంటి వాద్యకారులు రెండు పెడళ్లకు పంచారు, అక్కడి నుంచే మన 'ఎ', 'బి' లు. ఎడమ నుంచి కుడికి 'ఎ', 'బి', 'సి' గా ఉంటే ఎమన్స్ సెటప్, 'సి', 'బి', 'ఎ' గా ఉంటే ఇంకో వాద్యకారుడు జిమ్మీ డే పేరు మీద డే సెటప్. మధ్యలో 'బి' రెండింట్లోనూ కదలదు, చివరివి రెండే తారుమారు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, కుడి ఎడమల తేడాయే కదా అని. కానీ దానితో పాటు మోకాలి లివర్లు కూడా మారాలి, ఈ సంగతి చాలామంది చెప్పరు.

ఒకసారి కుర్చీలో కూర్చుని ఎడమ పాదం ముందుకు చాపి, రెండు పెడళ్ల మీద ఆనించినట్టు ఊహించుకోండి. ఎడమ వైపు పెడల్ ఒక్కటే కిందికి పోవాలంటే ఏం చేస్తారు? పాదాన్ని బయటి అంచు మీదికి ఒరగనిస్తారు. అలా ఒరగగానే మోకాలు కూడా తనంతట తాను ఎడమకు వెళ్తుంది, గమనించండి. ఎమన్స్ సెటప్‌లో ఎడమ పెడల్ అంటే 'ఎ', దానితో కలిపి ఎక్కువగా వాడేది ఎఫ్ లివర్, అందుకే ఎఫ్ లివర్ ఎడమ మోకాలికి ఎడమ వైపు ఉంటుంది. పాదం, మోకాలు రెండూ ఒకే దిక్కుకు పోతాయి. అదే 'బి' ఒక్కటే కావాలంటే పాదం కుడికి ఒరుగుతుంది, 'బి' తో కలిపి తరచూ వాడేది ఇ ని దించే లివర్, అది మోకాలికి కుడి వైపు. మళ్లీ రెండూ ఒకే దిక్కు. డే సెటప్ దీనికి అద్దంలో బొమ్మ. అక్కడ 'ఎ' కుడి వైపు ఉంటుంది కాబట్టి ఎఫ్ లివర్ మోకాలికి కుడి వైపు, దించే లివర్ ఎడమ వైపు. పైగా లేపడం, దించడం ఒకే మోకాలికి రెండు పక్కల ఉండటంలో ఇంకో సుఖం ఉంది. ఒకే తీగను ఒకేసారి లేపి దించే అవసరం రాదు, మోకాలు ఒకేసారి రెండు వైపులకు పోలేదు. అందుకే ఆ రెండు లివర్లు ఒకదానికొకటి అడ్డం రావు. దశాబ్దాలుగా వాయించినవాళ్ల కాళ్లు అరగదీసి తేల్చిన అమరిక ఇది, దీన్ని చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

నేను తీసుకున్న సెకండ్ హ్యాండ్ గిటార్‌లో పెడళ్లు ఎమన్స్ వరసలో, లివర్లు డే వరసలో ఉన్నాయి. ముందు వాడిన వాళ్లలో ఎవరో సగం మార్చి వదిలేసి ఉంటారు. అమ్మినతను అదేం పెద్ద విషయం కాదు, అలవాటైపోతుంది అన్నాడు. నాకేం తెలుసు, సరే అన్నాను. 6వ ఫ్రెట్ దగ్గర 'ఎ' తొక్కి ఎఫ్ లివర్ నెట్టాలి కదా, పాదం ఎడమకు ఒరిగి ఉంటుంది, మోకాలు మాత్రం కుడికి పోవాలి. మోకాలు కుడికి నెట్టిన ప్రతిసారీ పాదం కూడా కాస్త కుడికి తిరిగి, బొటనవేలి పక్క భాగం 'బి' పెడల్‌కి తగిలేది. పూర్తిగా కూడా కాదు, వెంట్రుకవాసి. కానీ ఆ కాస్తకే ఆరో తీగ మీది స్వరం పైకి పాకి కార్డ్ అంతా పులిసిపోయేది. నేను అది శ్రుతి దోషం అనుకున్నాను. రోజూ కూర్చోగానే పక్కన ఉన్న నైలాన్ నట్లు తిప్పి తిప్పి శ్రుతి చేసుకోవడమే పని. టెన్షన్‌తో చీలమండ బిగుసుకుపోయి, అరగంట దాటితే కూర్చోలేకపోయేవాణ్ణి. ఎనిమిది నెలల తర్వాత అనుభవం ఉన్న ఒకాయన నా ఎదురుగా నేల మీద కూర్చుని, చేతుల వంక అసలు చూడకుండా పాదం వంకే చూసి, నీ శ్రుతి బాగానే ఉంది, నీ లివర్లే తిరగబడి ఉన్నాయి అన్నారు.

సరిచేయడం ఒక సాయంత్రం పని. గిటార్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, అలెన్ కీతో, లివర్లను తీగలకు కలిపే నాలుగు రాడ్లు విప్పి (4, 8 తీగలకు లేపేవి రెండు, దించేవి రెండు) ఒక లివర్ షాఫ్ట్ నుంచి ఇంకోదానికి మార్చి, మళ్లీ శ్రుతి చేసుకున్నాం. వాద్యం ఒక పూటలో మారింది. నేను మారడానికి మాత్రం రెండు నెలలు పైనే పట్టింది. పైకి లేవాల్సిన స్వరం కోసం మోకాలు పాత వైపుకే పోయేది, ఇ కాస్తా ఎఫ్‌కి ఎక్కాల్సింది పోయి డి షార్ప్‌కి జారిపోయేది. నిద్రమత్తులో వాయించినా కాలు పొరపాటు పడకూడని వాద్యం ఇది. అందులో తప్పుగా నేర్చుకున్నది మర్చిపోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా చాలా కష్టం.

ఇక రాడ్లు మార్చుకునే వీలైనా నా గిటార్‌కి ఉంది. విద్యార్థుల కోసం చవకలో చేసే కొన్ని మోడళ్లలో లోపలి మెకానిజం స్థిరంగా ఉంటుంది, మార్చడం కుదరదు. లోపల పుష్ పుల్ అనే పాత మెకానిజం ఉన్న గిటార్లు గొప్పగా పలుకుతాయి గానీ వాటి సెటప్ మార్చడం తెలిసినవాళ్లకే పెద్ద పని. కాబట్టి కొన్నాక చూసుకుందాం అనుకోవద్దు, కొనేముందే చూసుకోండి.

చూడటం ఎలాగంటే, బార్ పక్కన పెట్టి, వాయించేవాళ్లకు అవతలి వైపు నుంచి లెక్కపెట్టి ఐదో తీగ మీటండి, అది మోగుతుండగా ఎడమ చివరి పెడల్ తొక్కండి. స్వరం పైకి పోతుంది. 'ఎ' అయినా 'సి' అయినా ఐదో తీగను లేపుతాయి, కాబట్టి అంతటితో తేలదు. ఇప్పుడు నాలుగో తీగ మీటి అదే పెడల్ తొక్కండి. కదలకపోతే అది 'ఎ' పెడల్, మీ ముందున్నది ఎమన్స్. అది కూడా లేచిందంటే అది 'సి', మీ ముందున్నది డే. తర్వాత అదే నాలుగో తీగ మీటుతూ ఎడమ మోకాలిని ఎడమకు నెట్టండి. ఎమన్స్ అయితే పైకి పోవాలి, డే అయితే కిందికి పోవాలి. అలా కాకపోతే అమ్మేవాళ్లను ఎందుకని అడగండి. దించే లివర్‌ని కావాలనే కుడి మోకాలికి మార్చుకుని హాయిగా వాయించేవాళ్లు ఉన్నారు, అది వేరే సంగతి, దానికో లెక్క ఉంటుంది. లెక్క లేకుండా సగం మారినదే ప్రమాదం. పది నిమిషాలు కూర్చుని తీగలన్నీ ఒక్కో పెడల్‌తో, ఒక్కో లివర్‌తో మీటి ఒక కాగితం మీద పట్టికలా రాసుకుంటే ఇంకా మేలు. దాన్నే కోపెడెంట్ అంటారు, ఈ వాద్యం వాయించేవాళ్లు కలిస్తే ముందు అడిగేది అదే.

రెండింట్లో ఏది మంచిదని అడిగితే, దగ్గర్లో నేర్పేవాళ్లు లేకపోతే ఎమన్స్ తీసుకోమంటాను, ఎందుకంటే ఎక్కువమంది వాడేది అదే, వీడియో పాఠాల్లో కనిపించే కాలు ఎక్కువగా అదే. కానీ పాదం బయటికి ఒరిగితే చీలమండ నొప్పెట్టేవాళ్లు మారు మాట లేకుండా డే తీసుకోవచ్చు, తక్కువేం కాదు. ట్యాబ్‌లో (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెలతో రాసే పద్ధతి) సాధారణంగా పెడల్ పేరే రాస్తారు గానీ ఎడమదా కుడిదా అని రాయరు, అదే ట్యాబ్ ఇద్దరికీ పనికొస్తుంది. లివర్లను మాత్రం కొందరు వైపు పేరుతో రాస్తారు, అక్కడ డే వాళ్లు తిరగేసి చదువుకోవాలి.

ఇక ఎక్కువుంటే మంచిదనే మాట. మూడు పెడళ్లు, నాలుగు లివర్లు మొదటి కొన్నేళ్లకు ధారాళంగా సరిపోతాయి. కుడి మోకాలి లివర్లు రెండూ ఉంటే చాలు, ఒకటి 2, 9 తీగలను దించడానికి, ఒకటి 1, 6 తీగల కోసం. వాటిని నెట్టేటప్పుడు కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద ఉంటుందని మర్చిపోకూడదు, మోకాలు కదిలితే పాదం కదిలి శబ్దం ఎగిరిపడుతుంది, అది అదుపులోకి రావడానికే నెలలు పడుతుంది. మోకాలిని పైకి ఎత్తి నెట్టే లివర్ ఒకటుంటుంది, ఐదో తీగను బి ఫ్లాట్‌కి దించడానికి. అందంగా ఉంటుంది గానీ పెడల్ తొక్కి ఉంచి మోకాలెత్తడం మొదటి ఏడాది ఎవరికీ అవసరం లేదు. రెండు మెడలు (ఒకే గిటార్ మీద రెండు తీగల వరసలు), సి సిక్స్త్ ట్యూనింగ్, ఎనిమిది పెడళ్లు అవన్నీ తర్వాత సంగతి. పెద్ద వాయిద్యకారుల కోపెడెంట్ చూసి అలాగే పెట్టించుకోవాలని కూడా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ ఆ మార్పులు వాళ్లు తమకు అవసరమైన ఒక్కో సంగీత పదబంధం కోసం ఏళ్ల మీద చేర్చుకున్నవి, ఆ పదబంధం మన చెవిలో లేనప్పుడు ఆ లివర్ ఊరికే మోకాలికి తగులుతూ ఉంటుంది.

ఆ వ్యాసం చదివి ఈపాటికి ఎవరో ఒకరు గిటార్ వెతుక్కుంటూ ఉంటారు. వచ్చే ఆదివారం ఆ సలహాను సరిచేస్తూ నాలుగు లైన్లు వేయండి. చోటు తక్కువైతే మిగతాదంతా తీసేసి, ఐదో తీగ, నాలుగో తీగ మీటి చూసే ఆ పద్ధతి ఒక్కటి వేసినా సంతోషిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు