ఇల్లు చూడకముందే కాగితం రాసుకోండి

సంపాదకుల వారికి నమస్కారం.

స్నేహితులతో కలిసి మొదటిసారి ఇల్లు అద్దెకు తీసుకునే యువతకు పత్రికల్లో వచ్చే సలహాలు చాలావరకు ఇంటి గురించే ఉంటాయి. గాలీ వెలుతురూ చూసుకోండి, నీళ్లు ఎలా వస్తాయో అడగండి, అగ్రిమెంటు చదవండి అంటారు. అవన్నీ అవసరమే. కానీ కలిసి ఉండేవాళ్ల మధ్య పెద్ద తగాదా వచ్చేది ఒకరు మధ్యలో ఖాళీ చేసినప్పుడు. ఆ సంగతి ఇల్లు చూడటానికి బయల్దేరకముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టాలి. ఇల్లు నచ్చేశాక ఇబ్బందికరమైన మాట ఎవరూ ఎత్తరు.

అందరూ సంతకం చేసే అగ్రిమెంట్లలో, అద్దెదారులు 'ఉమ్మడిగాను, విడివిడిగాను బాధ్యులు' అనే షరతు తరచూ ఉంటుంది. చదువుతూ చదువుతూ దాన్ని దాటేస్తారు. ముగ్గురిలో ఒకరు అద్దె ఎగ్గొడితే ఓనరు ఆ మూడో వంతు కోసం వాళ్ల వెంటే పడనక్కర్లేదు, మిగతా ఇద్దరిలో ఎవరినైనా మొత్తం అడగొచ్చు. 'నా వాటా నేను కట్టేశాను' అనే మాట స్నేహితుల మధ్య చెల్లుతుంది, ఓనరు దగ్గర చెల్లదు. పోనీ ఒక్కరి పేరు మీదే రాయించుకుంటే భారమంతా ఆ ఒక్కరి నెత్తిన పడుతుంది, మిగతావాళ్లకు ఆ ఇంట్లో ఉండే హక్కుకు కాగితం ఆధారం ఉండదు. కాబట్టి అందరి పేర్లూ ఉండాలనే నేను గట్టిగా చెబుతాను. అయితే ఏ బాధ్యతకు సంతకం పెడుతున్నారో అందరికీ తెలిసి ఉండాలి.

అద్దె ఎంతలో ఉండాలన్న లెక్క కూడా ఇక్కడి నుంచే మొదలవ్వాలి. ఇద్దరున్న ఇంట్లో ఒకరు వెళ్లిపోతే రెండోవాళ్ల మీద పడే అద్దె రెట్టింపు. ముగ్గురుంటే ఒకటిన్నర రెట్లు. నలుగురుంటే తలా కట్టేదానికి ఇంకో మూడో వంతు కలుస్తుంది. మీలో ఎవరి రాబడి అందరికన్నా తక్కువో, వాళ్లు ఈ పెరిగిన వాటాను కనీసం రెండు నెలలు మోయగలిగే అద్దె దగ్గరే ఆగండి. ఎక్కువ సంపాదించేవాళ్లను చూసి ఇల్లు ఎంచుకుంటే మొదట కూలేది తక్కువ సంపాదించేవాళ్లు, ఆ వెంటనే మిగతావాళ్లు.

ఇక ఆ కాగితంలో ఏముండాలి? వెళ్లదలచినవాళ్లు ఎన్నాళ్ల ముందు చెప్పాలన్నది మొదటిది. ఓనరుకు ఇవ్వాల్సిన నోటీసు కన్నా ఇది కనీసం పదిహేను రోజులు ఎక్కువ ఉండాలి. అగ్రిమెంటులో నెల ఉంటే స్నేహితుల మధ్య నెలన్నర. కొత్తవాళ్లను వెతుక్కోవాలా, అందరూ ఖాళీ చేయాలా అని మిగిలినవాళ్లు తేల్చుకోవడానికి దొరికే గడువు ఆ పదిహేను రోజులే. వెళ్లేవాళ్ల బదులు మనిషిని తీసుకొచ్చే పని ఎవరిదన్నది రెండోది. తీసుకొచ్చినవాళ్లను కాదనే హక్కు ఇంట్లో ఉన్నవాళ్లకు ఉండాలి, కానీ దానికి హద్దు పెట్టాలి. అద్దె కట్టగలిగే ఇద్దరిని వరుసగా కాదంటే, ఆ తర్వాత ఖాళీ గది అద్దె కాదన్నవాళ్లే పంచుకోవాలని రాసుకోండి. ఈ ఒక్క వాక్యం లేకపోతే 'నచ్చలేదు, నచ్చలేదు' అంటూనే నెలలు గడుస్తాయి. వెళ్లిపోయినవాళ్లు తాము ఉండని ఇంటికి అద్దె కడుతూ ఉంటారు.

అసలు చిక్కు అడ్వాన్సు దగ్గర. మామూలుగా ఓనరు అడ్వాన్సును ఇల్లు మొత్తం ఖాళీ అయ్యాకే తిరిగిస్తారు, మధ్యలో ఒకరి వాటాను విడదీసి ఇవ్వరు. అందుకని వెళ్లేవాళ్ల వాటాను కొత్తగా వచ్చేవాళ్లు ఇస్తారు. గోడకు కొట్టిన మేకుల కన్నాలూ, ఊడిన తలుపు గడియా ఎవరూ చూడకుండానే డబ్బు చేతులు మారిపోతుంది. చివర్లో ఓనరు ఆ నష్టాన్ని కోసుకునేది కొత్తవాళ్ల డబ్బులోంచి. కాబట్టి వెళ్లే రోజున అందరూ కలిసి ఇల్లంతా చూడండి. ఆ గదిలో జరిగిన నష్టం మొత్తం, హాల్లోనూ వంటింట్లోనూ జరిగిన నష్టంలో వాటా, ఆ రోజు మీటరు రీడింగు దాకా కరెంటు వాటా తీసేసి మిగిలింది ఇవ్వండి. తర్వాత ఓనరుతో అగ్రిమెంటులో పేరు మార్పించండి. ఇది చాలామంది వదిలేసే పని. పాత పేరు కాగితం మీద ఉన్నంతకాలం వెళ్లిపోయినవాళ్ల మెడకు ఆ అద్దె చుట్టుకునే ఉంటుంది, పేరు ఎక్కేదాకా కొత్తవాళ్లకు నిలబడే కాగితం ఉండదు.

గదులన్నీ ఒకేలా ఉండవు, అద్దె సమానంగా పంచితే చిన్న గదివాళ్లు ప్రతి నెలా మనసులో లెక్కలు వేసుకుంటారు. చదరపు అడుగుల లెక్కన పంచినా తేలదు. ఒకరికి బాత్‌రూమ్ కలిసిన గది ముఖ్యం, ఇంకొకరికి రోడ్డు చప్పుడు వినపడకపోవడం ముఖ్యం. చీటీల పద్ధతి మేలు. అద్దె మొత్తాన్ని 100 భాగాలనుకుని, ఏ గదికి ఎంత ఇస్తారో ఒక్కొక్కరూ విడిగా రాయాలి, అన్ని గదులూ కలిపి 100 రావాలి. పెద్ద గది, నడిమి గది, చిన్న గది వరుసలో మొదటివాళ్లు 45, 30, 25 అనీ, రెండోవాళ్లు 40, 35, 25 అనీ, మూడోవాళ్లు 39, 32, 29 అనీ రాశారనుకుందాం. పెద్దది మొదటివాళ్లకు, నడిమిది రెండోవాళ్లకు, చిన్నది మూడోవాళ్లకు వెళ్తుంది. 45, 35, 29 కలిపితే 109. ఎక్కువైన 9 భాగాలను తలా 3 చొప్పున తగ్గిస్తే 42, 32, 26. ముగ్గురూ తాము ఇస్తామన్నదానికన్నా తక్కువే కడుతున్నారు, పక్క గదిని దాని ధరకు తీసుకోమన్నా ఎవరూ మారరు. ఒకరే రెండు గదులకు ఎక్కువ రాస్తే, ఎలా కేటాయిస్తే మొత్తం పెద్దదవుతుందో అలా ఇవ్వాలి. చీటీలు ఒకేసారి విప్పాలి. ఒకరు ముందే పైకి చెబితే తర్వాతివాళ్లు దాన్ని బట్టి అంకె తగ్గిస్తారు, లెక్క చెడుతుంది. కొన్ని మామూలు షరతులకు లోబడి, ఒక్కొక్కరూ ఒక్కో గదినే కోరుకునేలా అద్దెను విభజించే దారి తప్పక ఉంటుందని 1999లో అమెరికా గణితవేత్త ఫ్రాన్సిస్ సు రుజువు చేశారు. పంతాలకు పోయేముందు ఈ సంగతి గుర్తుంటే మంచిది.

ఏసీ ఒక్క గదిలోనే ఉన్నప్పుడు కరెంటు బిల్లును తలల లెక్కన పంచడం బాగుండదు. 1.5 కిలోవాట్లు లాగే ఏసీ ఎనిమిది గంటలు పూర్తి లోడు మీద నడిస్తే 12 యూనిట్లు. కంప్రెసర్ ఆగుతూ నడుస్తుంది కాబట్టి అసలు ఖర్చు అంతకన్నా తక్కువే. ఎంత తక్కువన్నది ఊహించి పోట్లాడుకునే బదులు ఆ గది వాడకాన్ని విడిగా కొలిచే సబ్ మీటరు పెట్టించండి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ తలా కొంత వేసి కొనకండి. ఫ్రిజ్ ఒకరు, మెషిన్ ఇంకొకరు కొంటే వెళ్లేటప్పుడు ఎవరి వస్తువు వాళ్లు పట్టుకెళ్తారు. వారానికి రెండు రాత్రులు మించి ఉండే అతిథిని నీళ్లూ కరెంటు లెక్కలో ఒక మనిషి కింద కట్టండి.

ఇల్లు చూడటానికి అందరూ వెళ్లాలి. ఉదయం అందరూ ఒకే వేళకు తయారయ్యే ఇల్లు కాబట్టి నీళ్లను కూడా అలాగే పరీక్షించండి. బాత్‌రూమ్ కుళాయి కింద పది లీటర్ల బకెట్ పెట్టి పూర్తిగా తిప్పండి. నిమిషంలో నిండితే పరవాలేదు. అప్పుడు వంటింటి కుళాయి కూడా తిప్పి, ఫ్లష్ నొక్కి, మళ్లీ పట్టి చూడండి. రెండు నిమిషాలు దాటితే రోజూ ఎవరో ఒకరు ఆలస్యమవుతారు. మేడ మీది ట్యాంకు నీళ్లకు మీటరు ఎత్తుకు దాదాపు 0.1 బార్ ఒత్తిడే వస్తుంది, అందుకే ట్యాంకుకు నేరుగా కింద ఉన్న పై అంతస్తులో షవరు నీరసంగా పడుతుంది. గీజరు ఎన్ని లీటర్లదో చూడండి. 15 లీటర్లది 60 డిగ్రీలకు కాగితే, 25 డిగ్రీల చన్నీళ్లు కలిపి 40 డిగ్రీలకు తెచ్చుకున్నాక 35 లీటర్లు వస్తాయి. రెండు చిన్న స్నానాలకు సరి. 2 కిలోవాట్ల గీజరు మళ్లీ కాగడానికి 18 నిమిషాలకు పైగా పడుతుంది, మూడోవాళ్లు అంతసేపు ఆగాలి.

గ్యాస్ గీజరు ఉంటే అది బాత్‌రూమ్ బయట ఉందా, దాని పొగ గొట్టం ఆరుబయటికి వెళ్తోందా అన్నది తప్పక చూడాలి. గాలి ఆడని గదిలో అది వెలిగితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. రంగూ వాసనా లేని ఆ వాయువు స్నానం చేస్తున్న మనిషిని అరిచే వీలు కూడా లేకుండా పడగొడుతుంది. ఇది సరిగా లేకపోతే అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు వద్దు. షాక్ కొట్టినప్పుడు కరెంటును ఆపే ఆర్‌సీసీబీ ఉందో లేదో అడిగి, ఓనరు ముందే దాని టెస్ట్ బటన్ నొక్కించండి. వెంటనే దాని మీట పడిపోయి కరెంటు ఆగాలి. కిటికీ గ్రిల్లుల్లో ఒక్కటైనా లోపలి నుంచి తెరుచుకోవాలి, మంటలొస్తే గుమ్మం ఒక్కటే దారి కాకూడదు. ఒక మూలకే కొత్త రంగు కనిపిస్తే అక్కడ చెమ్మను కప్పారేమో అడగండి, చేత్తో తడిమి చూడండి. ఫోన్ సిగ్నల్ తలుపులేసి గదిగదికీ చూసుకోండి. వీలైతే రాత్రి మరోసారి వెళ్లి చప్పుళ్లు వినండి.

ఇల్లు చూడకుండా 'ఆపి ఉంచడానికి' అంటూ డబ్బు పంపొద్దు. కరెంటు బిల్లు మీది పేరూ, అగ్రిమెంటు మీద సంతకం పెట్టే మనిషి పేరూ కలవకపోతే కారణం, దానికి రాతపూర్వకమైన ఆధారం అడగండి. దిగిన రోజునే, సామాను దించకముందే, ప్రతి గదినీ వీడియో తీసి మీటరు రీడింగు ఫొటోతో ఓనరుకు మెసేజ్ పెట్టండి. తేదీతో సహా నిలబడుతుంది. ఓనరును అడిగి తాళం మార్పించండి. పాత తాళంచెవులు ఎంతమంది దగ్గర ఉన్నాయో ఓనరుకే తెలియకపోవచ్చు.

స్నేహితుల మధ్య రాసుకునే కాగితం నమూనా ఒకటి, అర పేజీకి మించకుండా, పూరించుకోవడానికి ఖాళీలతో మీ పత్రికలో అచ్చు వేయాలని కోరుతున్నాను. నోటీసు గడువు, బదులు మనిషి, అడ్వాన్సు లెక్క, గదుల వాటాలు, కరెంటు పంపకం అందులో ఉంటే చాలు. చదివినవాళ్లు కత్తిరించి నింపుకుని సంతకాలు పెట్టుకుంటారు, మిగతా షరతులు తమ ఇంటికి తగ్గట్టు కింద రాసుకుంటారు.

ఇట్లు,
అద్దె ఒప్పందాలు రాసే వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు