ఓల్డ్ స్పైస్ కోసం వచ్చేవారికి: తగ్గిన రేటు, మారిన వాసన, మా షాపు పద్ధతులు

ముందు రేటు సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆఫ్టర్‌షేవ్ లోషన్లు, షేవింగ్ క్రీముల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాక 200 రూపాయలు పడే సీసాకు పాత లెక్కన 236 అయ్యేది, ఇప్పుడు 210. అంటే నూటికి పదకొండు రూపాయల దాకా తగ్గినట్టు. సీసా మీద పాత ఎంఆర్‌పీ అచ్చై ఉన్నా మేము కొత్త లెక్కనే తీసుకుంటున్నాం. సెంట్లు, డియోడరెంట్లు మాత్రం 18 శాతంలోనే ఉండిపోయాయి. అందుకే అదే పేరున్న డియో రేటు మారలేదు.

ఇక మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఓల్డ్ స్పైస్ ఒరిజినల్ అనే ఆఫ్టర్‌షేవ్ లోషన్ అడిగేవారిలో చాలామంది దాన్ని ఒక మనిషి కోసం కొంటారు. నాన్నగారి వాసన, తాతయ్య వాసన, సెలవులకొచ్చే మేనమామ వాసన. ఇంటికి వెళ్లి మూత తీశాక "దగ్గరగానే ఉందండీ, కానీ అది కాదు" అని ఫోన్ చేస్తారు. సీసా డూప్లికేటూ కాదు, మీ ముక్కు పొరపాటూ కాదు. మీకు గుర్తున్న వాసనలో సీసాలోంచి వచ్చింది కొంతే. మిగతాది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే చాలావరకు మళ్లీ కూర్చుకోవచ్చు.

విలియం లైట్‌ఫుట్ షుల్ట్జ్ అనే ఆయన పెట్టిన షుల్టన్ అనే అమెరికా కంపెనీ 1937లో ఓల్డ్ స్పైస్‌ను ముందు ఆడవారి కోసం తెచ్చింది. మగవారిది ఆ మరుసటి ఏడు, 1938లో వచ్చింది. సీసా మీద ఉండే తెరచాప ఓడలు గ్రాండ్ టర్క్, ఫ్రెండ్‌షిప్ లాంటి నాటి వర్తక నౌకలు. 1990లో ఈ పేరు ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ చేతికి వెళ్లింది. అమెరికాలో ఇప్పుడు ప్లాస్టిక్ సీసాలో అమ్ముతున్నారు, మన దగ్గర తెల్లగాజు సీసా ఉంది. అక్కడి గడ్డం సరంజామా ఇష్టపడేవారు కొందరు మన సీసా కోసం వెతుక్కోవడానికి అదొక కారణం.

వాసన మూడు అంచెల్లో నడుస్తుంది. మొదటి రెండు మూడు నిమిషాలు స్పిరిట్ ఘాటు, దాని వెంటే నారింజ, నిమ్మ, సోంపు. అది తగ్గాక దాల్చినచెక్క, కార్నేషన్ పువ్వు. ఆ పువ్వు మనకు బొకేల్లో తప్ప కనపడదు గానీ దాని వాసనకు మూలం యూజినాల్, మన లవంగాల్లో ఉండేదే. చివర్న చర్మానికి అంటుకుని ఉండేవి వెనిలా, దానికి దగ్గరి వాసనున్న టోంకా గింజ, మస్క్ అంటే కస్తూరి, సాంబ్రాణి జాతి బంక. పిల్లలకు తలంటి పోశాక జుట్టుకు పట్టే సాంబ్రాణి పొగ ఎరిగినవారికి, ఎక్కడో అమెరికాలో కలిపిన ఈ లోషన్ పరాయిగా తోచకపోవడానికి అదే కారణమని మా నమ్మకం.

ఆఫ్టర్‌షేవ్‌లో సెంటు నూనె సాధారణంగా నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లే ఉంటుంది. మిగతాదంతా స్పిరిట్, నీళ్లు. అందుకే మధ్యాహ్నానికి ఆచూకీ ఉండదు. "నిలవట్లేదు" అని తిరిగి తెచ్చేవారికి మేము చెప్పేది ఇదే: ఇది గడ్డం గీసుకున్న చర్మానికి రాసుకునే లోషన్, రోజంతా ఉండే సెంటు కాదు. రోజంతా కావాలంటే నూలు చేతిరుమాలు మీద నాలుగు చుక్కలు వేసి జేబులో పెట్టుకోండి. చివర్న మిగిలే ఆ అడుగు వాసన చర్మం మీద కంటే గుడ్డ మీద చాలా ఎక్కువసేపు ఉంటుంది. తెల్ల చొక్కా కాలరు మీద మాత్రం పోయకండి, వెనిలా కాలక్రమాన పసుపు మచ్చ వేస్తుంది.

వాసన మారిందా అంటే, సీసాలో కొంత మారక తప్పలేదు. ఒకప్పటి మగవారి లోషన్లలో విరివిగా వాడిన మస్క్ ఆంబ్రెట్ అనే కృత్రిమ కస్తూరి, ఎండ తగిలితే చర్మం మీద దద్దుర్లు తెస్తుందని తేలి 1980ల నుంచి వాడుక తగ్గి చివరికి నిషేధంలోకి వెళ్లింది. కార్నేషన్ వాసనకు ప్రాణంలాంటి ఐసోయూజినాల్‌కు సెంటు పరిశ్రమ అంతర్జాతీయ సంస్థ ఇఫ్రా గట్టి పరిమితి పెట్టింది. కంపెనీలు ఫార్ములాలు బయటపెట్టవు. కానీ ఈ కట్టుబాట్ల కింద మసాలా వాసన సెంట్లన్నీ ఎంతో కొంత మెత్తబడ్డాయి. కాబట్టి "పాత ఫార్ములా" అని చెప్పి ఎక్కువ రేటు అడిగేవారి దగ్గర కొనకండి. మేము ఆ మాట మీద ఏదీ అమ్మం.

అంతకంటే పెద్ద తేడా సీసా బయట ఉంది. చూసినవి, విన్నవి మెదడులో థాలమస్ అనే కూడలి దాటి వెళ్తాయి. వాసన అక్కడ ఆగకుండా భావాలకు, జ్ఞాపకాలకు చెందిన అమిగ్డాలా, హిప్పోక్యాంపస్‌ల దగ్గరికి సూటిగా చేరుతుంది. వాసన తట్టి లేపే జ్ఞాపకాలు ఎక్కువగా పదేళ్ల లోపు వయసువని పరిశోధనల్లో తేలింది. ఆ వయసులో నాన్న ఎత్తుకున్నప్పుడు పిల్లవాడి ముక్కుకు తగిలింది ఒక్క లోషన్ కాదు. గడ్డం సబ్బు నురగ, మెడ మీద పౌడర్, తలకు రాసిన కొబ్బరినూనె, ఇస్త్రీ చొక్కాకు పట్టిన బీరువా వాసన, చాలా ఇళ్లలో చార్మినార్ సిగరెట్. అన్నీ ఒకే ముద్దగా గుర్తుండిపోతాయి. వాటిలో ఒక్కదాన్ని తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే "అది కాదు" అనిపించడం సహజం.

ఆ ముద్దను మళ్లీ కట్టాలంటే వరస ముఖ్యం. జెల్, ఫోమ్ వద్దు, వాటి సొంత సెంటు బలంగా ఉంటుంది. గుండ్రటి గడ్డం సబ్బు, బ్రష్ తీసుకోండి. గోరువెచ్చని నీళ్లతో నురగ తీసి గీసుకున్నాక చన్నీళ్లతో కడగాలి. తడి ముఖం మీద పటిక బిళ్ల ఒక్కసారి తిప్పి, అర నిమిషం ఆగి, మళ్లీ కడిగేయాలి. పటికకు వాసన ఉండదు గానీ చిన్న గాట్ల రక్తం ఆగుతుంది, చర్మం బిగుస్తుంది. దాన్ని కడగకుండా లోషన్ పోస్తే చర్మం ఎండిపోయి పొట్టు లేస్తుంది, చాలామంది చేసే పొరపాటు అదే. తువ్వాలుతో అద్దుకుని, కొద్దిగా తడి ఉండగానే అరచేతిలో ఒక మిల్లీలీటరు, అంటే టీ చెంచాలో ఐదో వంతు పోసుకోండి. అరచేతులు రెండూ ఒక్కసారి రుద్దుకుని బుగ్గలకు, గవదకు తట్టండి. రుద్దకండి. ఈ లెక్కన 100 మిల్లీలీటర్ల సీసా వంద షేవింగులకు వస్తుంది.

ఆ మంట ఎందుకని అడుగుతుంటారు. చర్మంలో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల దగ్గర పనిచేయడం మొదలుపెడుతుంది. స్పిరిట్ తగిలితే ఆ గీత సుమారు 34 డిగ్రీలకు పడిపోతుంది. అప్పుడు మన ఒంటి వేడే మనకు మంటగా తెలుస్తుంది. స్పిరిట్ ఆవిరవుతూ చల్లబరిచాక మంట పోతుంది. పది సెకన్లలో తగ్గితే మామూలే. నిమిషం దాటి ఎర్రబడి ఉంటే బ్లేడు మొద్దుబారిందనో, లోషన్‌లోని దాల్చినచెక్క, లవంగం సరుకు మీ ఒంటికి పడలేదనో అర్థం. కొత్తగా వాడేవారు మోచేతి మడత లోపల ఒక చుక్క రాసి రెండు రోజులు చూడండి.

లోషన్ ఆరాక మెడకు తేలికపాటి టాల్కం పౌడర్, జుట్టుకు కొబ్బరినూనె. నాన్నగారు ఏ పౌడర్ వాడేవారో అమ్మనడగండి, ఈ విషయంలో అమ్మ జ్ఞాపకం మా అనుభవం కంటే నమ్మదగ్గది. పొగాకు వాసన కావాలంటే సిగరెట్ అక్కర్లేదు. ఎండిన వర్జీనియా ఆకు ముక్క, ప్రకాశం జిల్లా వైపు దొరికేదే, పలుచటి గుడ్డలో కట్టి రుమాళ్ల సొరుగులో పెట్టండి, పిల్లలకు అందకుండా. టోంకా గింజలోని కూమరిన్‌కూ ఎండిన ఆకుకూ దగ్గరి వాసన ఉంది కాబట్టి రెండూ బాగా కలుస్తాయి. బీరువాలోని కలరా ఉండల సంగతి మాత్రం వదిలేయండి. నాఫ్తలీన్ పసిపిల్లలకు మంచిది కాదు. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పిల్లల్లో రక్తకణాలు పగిలిపోతాయి. ఎంత జ్ఞాపకమైనా దాన్ని తిరిగి ఇంట్లోకి తెమ్మని మేము చెప్పలేం.

కొందరు అడిగేది అసలు ఓల్డ్ స్పైసే కాదు. "పచ్చ సీసా, మెడలో పతకం, సబ్బు లాంటి వాసన" అంటే అది బ్రూట్, 1964లో ఫాబర్జే తెచ్చింది. లావెండర్, కూమరిన్, ఓక్ చెట్ల మీద పెరిగే పాచి వాసన కలగలిసిన రకం. "నిమ్మ వాసన, జ్వరమొస్తే రుమాలు తడిపి నుదుటి మీద వేసేవారు" అంటే యూడీకొలోన్. షాపుకు వచ్చినప్పుడు సీసా మూత దగ్గర ముక్కు పెట్టి తేల్చేయకండి, అక్కడ స్పిరిట్ తప్ప ఏమీ తెలియదు. కాగితపు పట్టీ మీద వేసిస్తాం. వెంటనే ఒకసారి, పది నిమిషాలకు ఒకసారి, వీలైతే బజారు పని చూసుకుని వచ్చి గంటకు ఒకసారి చూడండి. ఒక రోజులో మూడు రకాలకు మించొద్దు, ముక్కు అలసిపోతుంది. మధ్యలో కాఫీ గింజలు వాసన చూడక్కర్లేదు, కాసేపు మామూలు గాలి పీలిస్తే చాలు.

నాన్నగారి పాత సీసా అడుగున నాలుగు చుక్కలు మిగిలాయని తెచ్చేవారికి ఒక మనవి. అందులో కొత్త లోషన్ గానీ, స్పిరిట్ గానీ, నీళ్లు గానీ కలపకండి. నీళ్లు పడితే నూనెలు విడిపోయి తెల్లగా మబ్బు పడుతుంది, మళ్లీ తేటపడదు. ముఖానికీ రాయకండి. స్పిరిట్ ఎగిరిపోయి మిగిలింది చిక్కబడి ఉంటుంది, పులిసిన నిమ్మనూనె చర్మాన్ని కందిస్తుంది. బిరడా చుట్టూ ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు బిగించి, గుడ్డలో చుట్టి, నిలబెట్టి, చీకటి అలమారాలో పెట్టండి. బాత్‌రూమ్ అర, వంటింటి గోడ, కారు డాష్‌బోర్డు పనికిరావు. మన మే నెల ఎండకు మొదట పోయేవి పైనున్న నారింజ, నిమ్మ వాసనలే.

డూప్లికేట్ల విషయంలో జాగ్రత్త. నకిలీ సరుకులో ప్రమాదకరమైనది ఖాళీ అసలు సీసాలో నింపి అమ్మేదే, ఎందుకంటే గాజు, అచ్చు అన్నీ నిజమైనవే ఉంటాయి. అట్టపెట్టె మీది బ్యాచ్ నంబరూ సీసా మీదిదీ ఒకటేనా చూడండి. తెల్లకాగితం మీద రెండు చుక్కలు వేసి ఆరనివ్వండి. జిడ్డు వలయం మిగిలినా, అరగంటకు వెనిలా ఆనవాలు లేకపోయినా అనుమానించండి. అలాంటివాటిలో ఏ స్పిరిట్ పోస్తారో తెలియదు. మిథనాల్ అయితే చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. మీ ఖాళీ సీసాను పాత సామాన్లవారికి వేసే ముందు దాని మీది బొమ్మను గీకేయండి. మేము ఖాళీ సీసాలు కొనం, లూజు లోషన్ పోయం, పది మిల్లీలీటర్ల చిన్న సీసాల్లోకి మార్చి అమ్మం.

ఊళ్లకు పంపడం రోడ్డు కొరియర్‌లోనే. స్పిరిట్ మండే సరుకు కాబట్టి విమానంలో వెళ్లే పార్సిళ్లలో పెట్టం, రెండు మూడు రోజులు ఆలస్యమైనా ఓర్చుకోండి. విదేశాల్లో ఉన్న పిల్లలకు తీసుకెళ్లే తల్లిదండ్రులు చెక్‌ఇన్ సామానులో పెట్టుకోవచ్చు. ఒక్కో సీసా 500 మిల్లీలీటర్లకు మించకూడదు, ఇలాంటి సామగ్రి అంతా కలిపి మనిషికి రెండు లీటర్లు దాటకూడదు. చేతిసంచిలో అయితే 100 మిల్లీలీటర్ల లోపు. మూతకు టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో పెట్టి, పెట్టె మధ్యలో ఉంచండి.

సీసా తెప్పించుకునే ముందు వాసన పోల్చుకోవాలనుకునేవారికి కాగితపు పట్టీలు ఆరబెట్టి, కవర్లో మూసి మామూలు పోస్టులో ఉచితంగా పంపుతున్నాం. అయితే ఆరిన పట్టీ మీద అడుగు వాసన మాత్రమే మిగులుతుంది. నారింజ, సోంపు దానిలో వెతక్కండి. ఒక్కో పట్టీ మీద రకం పేరు, ముంచిన తేదీ రాసి ఉంటాయి. పది రోజులు దాటిన పట్టీని చూసి నిర్ణయం తీసుకోకండి, ఇంకొకటి అడగండి.