రెండు ధమనులు, ఒక సిర

కర్నూలు,
బుధవారం రాత్రి.

చిట్టితల్లీ,

నా కిడ్నీ నీకిస్తానంటే పొద్దున ఫోనులో "వద్దమ్మా" అని ఏడ్చి పెట్టేశావు. నా మాట పూర్తిగా వినలేదు. అందుకే రాస్తున్నాను.

నిన్న నాకు సీటీ యాంజియోగ్రామ్, అంటే రక్తనాళాలు కనబడేలా మందు ఎక్కించి తీసే స్కాన్, తీశారు. ఆ మందును బయటికి పంపాల్సింది కిడ్నీలే కనుక, అవి ఎలా పనిచేస్తున్నాయో తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష ముందే చేశారు. మోచేతి మడతలో సూది పెట్టి, చేతులు తలవైపు చాపి పడుకోమన్నారు. మందు ఎక్కగానే గొంతు దగ్గర మొదలైన వేడి క్షణాల్లో పొత్తికడుపు దాకా పాకింది. పక్క తడిపేశానేమో అని హడలిపోయాను. చాలామందికి అలాగే అనిపిస్తుందట. ఊపిరి బిగబట్టించి, మందు ధమనుల్లో ఉన్నప్పుడు ఒకసారి, సిరల్లోకి వచ్చాక ఒకసారి, మూత్రనాళాల్లోకి దిగాక మరోసారి తీశారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దీనికి తొడ మొదట్లోని ధమనిలోంచి గొట్టం పంపేవారు.

సాయంత్రం డాక్టరుగారు కంప్యూటర్‌లో నా కిడ్నీలను అటూ ఇటూ తిప్పి చూపించారు. ఎడమ కిడ్నీకి రెండు ధమనులున్నాయి. తమ్ముడు నీకు చేరవేసింది ఆ మాటే. అది జబ్బు కాదు తల్లీ, దాదాపు నలుగురిలో ఒకరికి అలా ఉంటుంది. కడుపు తెరిచాక తెలిస్తే భయపడాలి. ఇప్పుడే తెలిసింది కనుక ఏది ఎక్కడ కోయాలో, నీ ఒంట్లో ఎలా కలిపి కుట్టాలో సర్జన్ ముందే ఆలోచించుకుంటారు. రెండోది సన్నగా కిడ్నీ కింది కొసకు పోతోంది. "అంత సన్నదాన్ని వదిలేయవచ్చు కదా?" అని అడిగాను. కూడదట. మూత్రనాళానికి రక్తం చాలావరకు ఆ కింది ధమని నుంచే అందుతుందట. కుడివైపు ధమని ఒక్కటే, కానీ సిర పొట్టి. ఎడమ సిర పొడవు, కుట్టడానికి అనువు. అందుకే ఎడమదే తీస్తామన్నారు.

ఈ పరీక్షలన్నీ నీకోసమే అనుకుంటున్నావు. ముందు నాకోసం చేశారు. రెండింటిలో ఒకటి మెరుగ్గా పనిచేస్తే దాన్ని దాతకే వదిలేస్తారు. దానికి వేరే స్కాన్ తీశారు, నావి రెండూ దాదాపు సమానం. రాళ్లు లేవు. నాకు ముప్పు అనిపిస్తే, నేనెంత బతిమాలినా వాళ్లు ఒప్పుకోరు.

ముప్పై ఏళ్లు కాన్పుల గదిలో పనిచేశాను. కోసిన బొడ్డుతాడు కొసను దూదితో తుడిచి లెక్క చూసుకునేవాళ్లం: రెండు ధమనులు, ఒక సిర. నువ్వు పుట్టిన రాత్రి నేను లేవలేని స్థితిలో ఉంటే, మా పెద్ద సిస్టర్ నీ బొడ్డుతాడు చూసి "మూడూ ఉన్నాయమ్మా" అని చెప్పింది. నిన్న తెరమీద నా ఎడమ పక్కన అదే లెక్క కనిపించింది. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఆదివారం పొద్దుటి బస్సుకు కడప వస్తున్నాను. శనివారం డయాలసిస్ మానవద్దు, నీళ్లు కొలత దాటవద్దు. ఫిల్ములు తెస్తాను. కిటికీ వెలుగులో పెట్టి నువ్వే లెక్కపెట్టు.

అమ్మ