రంగు క్రీముల ప్రకటనల గురించి తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

నేను తిరుపతిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌ని. మా దగ్గర ఉండేది పుత్తూరు, సత్యవేడు, పలమనేరు వైపు పల్లెల నుంచి డిగ్రీకి, నర్సింగ్‌కి వచ్చిన పిల్లలు. వాళ్లలో ఒకమ్మాయి ఈమధ్య పగటిపూట బయటికి రావడమే మానేసింది. ఎండ తగిలితే మొహం మంట. బుగ్గలు ఎర్రగా కందిపోయి, సన్నటి పొక్కులు లేచాయి. ఏం పూస్తున్నావమ్మా అని అడిగితే ఒక ట్యూబు తెచ్చి చేతిలో పెట్టింది. దాని మీద చీమతలకాయంత అక్షరాల్లో మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని మూడు మందుల పేర్లున్నాయి.

మొమెటాసోన్ స్టెరాయిడ్ అండీ. పూసిన కొత్తలో మొహం తెల్లబడుతుంది, "ఏం కలరొచ్చావే!" అని తోటి పిల్లలు మెచ్చుకుంటారు. నెలల తరబడి వాడితే చర్మం పలచబడిపోతుంది. ఆపితే మంట. ఆ మంట ఓర్చుకోలేక మళ్లీ అదే పూస్తారు. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చింది. మా అమ్మాయిని మెడికల్ షాపులో చీటీ అడిగినవాళ్లే లేరు.

తెల్లబడాలన్న ఆలోచన ఆ పిల్లకు ఊరికే పుట్టలేదు. లోకల్ కేబుల్లో స్కిన్ క్లినిక్ ప్రకటన చూడండి. నల్లగా ఉన్నప్పుడు దిగాలు మొహం, తెల్లబడ్డాక పెళ్లి నగలు. ఫోన్ తీస్తే ఫిల్టర్ దానంతటదే రంగు తేల్చేస్తుంది. సినిమాల సంగతి చెప్పనక్కర్లేదు, మన పల్లెల ఎండలో పెరిగిన పిల్ల రంగున్న హీరోయిన్ ఎప్పుడో గానీ కనపడదు. కొండ మీద తలనీలాలిచ్చి గుండుతో తిరిగే ఆడవాళ్లను ఈ ఊళ్లో ఎవరూ వింతగా చూడరు. అలాంటి ఊళ్లో ఒక పిల్ల తన రంగుకు తలదించుకోవడం నాకు చాలా బాధగా ఉంది.

సినిమాలు, ఫోన్లు మీ చేతిలో లేవని తెలుసు. కేబుల్ మీ చేతిలో ఉంది. 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లో ఏడోది, రంగును కించపరిచే ప్రకటన వేయకూడదని స్పష్టంగా చెబుతోంది. దాన్ని మీరితే ప్రసారం ఆపించే అధికారం 1995 చట్టం జిల్లా మేజిస్ట్రేట్‌గా మీకిచ్చింది. దయచేసి ఆ అధికారం వాడండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లను కాలేజీల చుట్టుపక్కల మెడికల్ షాపులకు పంపి, స్టెరాయిడ్ క్రీములకు చీటీలు, బిల్లులు ఉన్నాయో లేదో చూడమనండి. హోర్డింగులకు పర్మిషన్ ఇచ్చేటప్పుడు రంగును కించపరిచే ప్రకటన వేయకూడదన్న షరతు పెట్టమని కార్పొరేషన్‌కు చెప్పండి.

జూన్‌లో కొత్త పిల్లలు వస్తారు. ఈ పని అంతకు ముందే జరగాలి. ఆ ట్యూబు నా దగ్గరే ఉంది, సోమవారం గ్రీవెన్స్‌కు అర్జీతో పాటు తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక హాస్టల్ వార్డెన్, తిరుపతి